నడుం దగ్గర కోసిన ఫొటో

ఫిబ్రవరి 3, సోమవారం

ఆ ఫొటోలో నా ప్యాంటు లేదు.

నలభై ఏళ్ల పైనుంచి ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. ఎవరితో చెప్పబోయినా "మళ్లీ మొదలెట్టాడ్రా టేపు" అని నవ్వుతారు. టేపు అంటే నేనే, మెడలో కొలత టేపుతో తిరిగే టైలర్ని. మనవరాలితో చెబితే "తాతయ్యా, ఇది నేను ఉయ్యాల్లో ఉన్నప్పట్నించీ వింటున్నా" అంటుంది. కాగితం అలా అనదు. అందుకని రాస్తున్నాను. నాకు చదువు రాదు. కొలతలు రాసుకోవడం కోసం నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు తప్పితే తప్పనీ, ఎవడు చూడొచ్చాడు.

సంగతి ఇది. మా వీధి మలుపులో ఫొటో స్టూడియో ఉంది. దాని షోకేసులో ఒక ఫొటో ఏళ్ల తరబడి ఉంది. అందులో ఉన్నది నా బావమరిది. అందరూ వాణ్ణి హీరో అనేవారు. అలా అనిపించుకోవడానికే పుట్టాడు. చెవులు కనబడకుండా జుట్టు, నుదుటి మీద అల లేచి విరిగినట్టు ఒక మడత, దవడల దాకా దిగిన చెంపల వెంట్రుకలు. కుక్కచెవుల్లాంటి కాలరు. అరచెయ్యంత బెల్టు. బెల్టు దగ్గర ఫొటో అయిపోయింది.

బెల్టు కింద ఏముందో నాకు తెలుసు. కుట్టింది నేను. ముదురు ఎరుపు బెల్‌బాటమ్. తొడ దగ్గర చర్మంలా అతుక్కుని, మోకాలు దాటగానే విచ్చుకుంటూ విచ్చుకుంటూ పాదాల దగ్గరికొచ్చేసరికి రెండు గొడుగులు తెరిచినట్టు ఉండేది. పక్క కుట్టు వెంట తెల్ల దారం రెండు వరసలు. అలాంటి ప్యాంటు అంతకు ముందు కుట్టలేదు, ఆ తర్వాతా కుట్టలేదు. అది ఫొటోలో లేదు.

ఎందుకు లేదు? దువ్వెన గాడు కోయించాడు కాబట్టి.

దువ్వెన అంటే సెలూన్ వాడు. అప్పట్లో మాది ఒకటే గది. మధ్యలో చెక్క అడ్డం. ఇటు నా మిషను, అటు వాడి కుర్చీ. మనిషి నాకు కొలతలిచ్చి అటు వెళ్లి క్రాపు చేయించుకునేవాడు. ఆ ఫొటో షోకేసులోకి ఎక్కినప్పట్నించీ ఊళ్లో కుర్రాళ్లంతా "ఆ జుట్టు కావాలి" అని వాడి వైపు బారులు తీరారు. "ఆ ప్యాంటు కావాలి" అని ఒక్కడు అడిగితే ఒట్టు. కనబడితే కదా అడగడానికి! స్టూడియో ఆయనకి ఏదో ముట్టజెప్పి నడుం దగ్గర కోయించాడని నాకప్పుడే అర్థమైంది. నెల తిరక్కుండా మిషను మోసుకుని ఎదురు వరసలోకి వచ్చేశాను. ఆనాటి నుంచీ వాడితో మాట లేదు.

ఇన్నాళ్లకి ఇది రాయడానికి కారణం ఉంది. మనవరాలు వీధి చివర కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఈ నెల ఇరవై మూడున వీధిలో దుకాణాల వాళ్లంతా కలిసి పాత ఫ్యాషన్ల సాయంత్రం పెడుతున్నారని ఇవాళ చెప్పింది. అందరూ ఆ రోజుల వేషంలో రావాలట. పాత ఫొటోలు మనిషెత్తు చేయించి గోడకి కడతారట. ముందు వరసలో హీరో ఫొటో. మైకు కూడా ఉంటుందట.

మైకు ఉంటే చాలు. చిక్కాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం

దువ్వెన ఇవాళ షట్టరు ఆలస్యంగా ఎత్తాడు. నాకనవసరం. ఎదురుగా ఉంది కాబట్టి కనబడింది.

ఫిబ్రవరి 6, గురువారం

మనవరాలు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చింది. అందరికీ బెల్‌బాటమ్‌లు కావాలట. ఇంతమంది నా దుకాణంలో ఒకేసారి నిలబడి ఎన్నాళ్లయిందో. నేను మాత్రం రోజూ ఇలాగే ఉంటుందన్నట్టు మొహం పెట్టి టేపు తీశాను.

ఒక పొడుగాటివాడు బట్ట కొలత విని నోరెళ్లబెట్టాడు. "తాతా, కింద ఇంత బట్టెందుకు? వేస్టు కదా?"

"ఆ ప్యాంటులో వేస్టు అంటూ ఉంటే అది నువ్వే. బట్ట కాదు. కదలకు."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. మంచివాడే.

అప్పుడు వాళ్లకి చెప్పాను. బెల్‌బాటమ్‌లు నడిచిన ఆ పదేళ్లూ జనం సిగ్గుపడడం మానేశారు. ఇప్పుడు మీరంతా బూడిదరంగు, నలుపు వేసుకుని ఎవరికీ కనబడకుండా తిరుగుతున్నారు. అప్పుడు గుమస్తా కూడా చిలకాకుపచ్చ చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్లేవాడు. చొక్కా మీద అరటిపండంత పువ్వులు. ఆడపిల్లలు పోల్కా చుక్కల గౌన్లు, భుజాల దగ్గర బుడగల్లాంటి చేతులు, సగం మొహం మింగేసే కళ్లజోళ్లు. లోపల వలలాంటి జాలీ దూర్చి కొప్పు ఎంత ఎత్తు లేపేవారంటే బస్సెక్కేటప్పుడు తల వంచాల్సి వచ్చేది. చెంపల వెంట్రుకలు ఎవడివి వెడల్పో చూసుకోవడానికి వీధి మలుపులో పందేలు పడేవి. ప్యాంటు కింది అంచులో పాదం కనబడిందంటే వాడికి ఇంట్లో వాళ్లు కుట్టారని అర్థం. నా ప్యాంటులో పాదం కనబడేది కాదు. మనిషి నేల మీద జారుకుంటూ వస్తున్నట్టు ఉండేది.

దీనికి కిటుకు ఒకటుంది. అది కూడా చెప్పాను. ఆ రోజుల్లో అందరివీ ఎత్తుమడమల బూట్లు. ప్యాంటు పొడవు ఆ మడమకి సరిపోవాలి. కానీ వెధవలు కొలతలివ్వడానికి రబ్బరు చెప్పులేసుకుని వచ్చి, తర్వాత పొట్టయిందని నా మీద పడేవారు. అందుకని ఒక జత ఎత్తు బూట్లు చేయించి దుకాణంలో పెట్టాను. ఎవడొచ్చినా ముందు ఆ బూట్లు తొడుక్కోవాలి. అప్పుడే టేపు తీస్తాను. బూట్లలో నిలబడ్డాక అంచు నేలకి వేలెడు ఎత్తున ఆగాలి. అదీ లెక్క.

"ఆ బూట్లు వేసుకుని బయటికి పోతే?" అంది మనవరాలు.

"పోనిస్తానా? షాపు బూట్లు గడప దాటకూడదు. అది రూలు. దాటితే తర్వాతివాడి కొలత ఎలా తీయాలి?"

"నీ సొంత బావమరిదికైనా ఇచ్చేవాడివి కాదా?"

"రూలుకి బావమరిది లేడు."

ఫిబ్రవరి 9, ఆదివారం

స్టూడియోకి వెళ్లాను. స్టూడియో ఆయన, నేను ఇంచుమించు ఒకే ఈడు వాళ్లం. కొడుకు పని చూస్తుంటే ఈయన మూల స్టూలు మీద కూర్చుని వచ్చే పోయే వాళ్లని చూస్తుంటాడు.

"హీరో ఫొటో పూర్తిది కావాలి. నడుం దాకా కాదు. తల నుంచి కాళ్ల దాకా."

ఆయన కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలెట్టాడు. "ఇంకా అదేనా నువ్వు? వదిలెయ్ రా."

"వదిలెయ్ అని నువ్వు ఎప్పుడూ అంటావు. ఎందుకు వదలాలో ఎప్పుడూ చెప్పవు. నెగటివ్ ఇవ్వు."

"అదెప్పుడో పోయింది."

"నీ దగ్గర ఏదీ పోదు. మీ ఆవిడ పాత చెప్పుల అట్టపెట్టె కూడా దాచుకునే మనిషివి."

కొడుకు అటు తిరిగి నవ్వాడు. ఈయన నవ్వలేదు. "చూస్తాలే" అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు మనిషికి కళ్లద్దాలు ఎక్కువ మురికవుతాయి.

ఫిబ్రవరి 10, సోమవారం

పొడుగాటివాడి ప్యాంటు కత్తిరించాను. కత్తెర గీత మీదే పోయింది.

ఫిబ్రవరి 12, బుధవారం

దువ్వెన సెలూన్ మూసేస్తున్నాడట. ఇరవై ఎనిమిదిన. కూతురు వచ్చి తనతో పాటు వాళ్ల ఊరు తీసుకుపోతుందట. అక్కడ పెద్ద ఆస్పత్రి ఉందట. మనవరాలు కళ్లద్దాలు అమ్మే చోట అన్ని కబుర్లూ తెలుస్తాయి.

పోనీ. నాకేం.

ఎదురుగా ఇక ఏ దుకాణం పెడతారో. టీ కొట్టు పెడితే పొగ నా బట్టల మీదికి కొడుతుంది. అది తప్ప నాకేం.

ఇంకో సంగతి. పిల్లలందరూ ఆ సాయంత్రం కోసం జుట్టు చేయించుకోవడానికి వాడి దగ్గరికే వెళ్లారు. ఆ జుట్టు వచ్చిన వాడు ఊళ్లో వాడొక్కడే. నేను ఆపలేదు. మనవరాలు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "తాతయ్యా, కాలరు ఎన్ని వేళ్లు పెడుతున్నావు అని అడగమన్నాడు" అంది.

"ఎవరు?"

"ఎవరో నీకు తెలీదా?"

ఇది మా పాత పద్ధతి. కాలరు వెడల్పు ఎంతో వాడికి తెలిస్తే గానీ వెనక జుట్టు ఎంత దించాలో తేలదు. జుట్టు కాలరు మీద కూర్చోవాలి, కాలర్ని మింగకూడదు. అప్పట్లో నేను అడ్డం మీద తట్టి "నాలుగు" అని అరిస్తే అటునుంచి "సరే" అని వినబడేది.

"నాలుగు వేళ్లు" అన్నాను.

అది వెళ్లి వచ్చింది. "అయితే మూడు వేళ్లు దించుతాడట. ఒక వేలు బట్ట కనబడాలట."

వాడికింకా గుర్తుంది. గుర్తుండక చస్తుందా. ఆ లెక్క నేర్పింది నేనే.

ఇది మాట్లాడినట్టు కాదు. వ్యాపారం.

ఫిబ్రవరి 15, శనివారం

మైకులో చెప్పాల్సింది మిషను ముందు నిలబడి చెప్పుకుని చూశాను. "ఈ వీధి పెద్దలకి నమస్కారం. మీరంతా ఈ ఫొటోలో జుట్టు చూశారు. దాని కింద ఏముందో మీకు తెలీదు. తెలియనీకుండా చేసినవాడు ఇక్కడే కూర్చున్నాడు." ఇక్కడ ఆగాలి. ఆగి వాడి వైపు చూడాలి.

మనవరాలు ఎప్పుడొచ్చిందో వింది. "ఆయన పెద్దాయన తాతయ్యా. వెళ్లిపోతున్నాడు కూడా. దగ్గు వస్తే గోడ పట్టుకుంటున్నాడు."

"నేనేమన్నా పసివాణ్ణా?"

"నీకు దగ్గు లేదుగా."

"నాకున్నది దగ్గుతో పోయేది కాదు."

అది కాజాలు కుట్టడానికి కూర్చుంది. దాని కాజాలు దరిద్రంగా ఉంటాయి. అది వెళ్లాక మళ్లీ కుట్టాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇవాళ స్టూడియోలో కూర్చున్నాను. "నెగటివ్ ఇచ్చేదాకా లేవను" అన్నాను. పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చినవాళ్లు నన్ను దాటుకుని వెళ్లారు. మధ్యాహ్నం దాటింది. చివరికి కొడుకే, "నాన్నా, ఇచ్చెయ్ నాన్నా. ఈయన ఇక్కడే కాపురం పెట్టేలా ఉన్నాడు" అన్నాడు.

స్టూడియో ఆయన లోపలికి వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చాడు. అందులోంచి ఒక కాగితం కవరు. కవరులోంచి ఫిల్ము.

"చూసుకో. నన్ననకు" అన్నాడు.

ట్యూబులైటుకి ఎత్తి పట్టుకున్నాను. నెగటివ్‌లో హీరో ముసలాడైపోయాడు. జుట్టంతా తెల్లగా ఉంది. పోయి చాలాకాలమైంది. బతికుంటే ఇప్పుడలాగే ఉండేవాడేమో. కాలరు చూశాను. బెల్టు చూశాను. ఇంకా కిందికి వచ్చాను.

ప్యాంటు నేల మీద పడి ఉంది.

మోకాళ్ల దాకా బాగుంది. అక్కడినుంచి బట్ట మడతలు మడతలుగా దిగిపోయి, పాదాల చుట్టూ కర్రలు పీకేసిన గుడారంలా కుప్పపడింది. ఆ కుప్పలోంచి వేళ్లు బయటికొచ్చి ఉన్నాయి. బూట్లు లేవు. చెప్పులు లేవు. ఒట్టి కాళ్లు.

"బూట్లేవి?" అన్నాను.

"నువ్వివ్వలేదుగా. కొత్త ప్యాంటు వేసుకుని ఆ సాయంత్రమే పరుగెత్తుకొచ్చాడు. వాడికింకా బూట్లు లేవు. ఉన్నది రబ్బరు చెప్పులు. అవి వేసుకుంటే బాగోవని విప్పేసి నిలబడ్డాడు. కొంచెం ముందుకి రమ్మన్నాను. అంచు తొక్కుకుని నా లైటు మీద పడ్డాడు."

"మర్నాడు బూట్లు కొన్నాడు" అన్నాను. "నేను చూశాను. ఆ బూట్లలో ఆ ప్యాంటు ఎలా ఉందో నేను చూశాను."

"మర్నాడు కొన్నాడు. ఫొటో ముందురోజుది."

"అయితే దువ్వెన నీకు ముట్టజెప్పలేదా?"

ఆయన నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "వాడు ఆ రోజు జుట్టు సర్దడానికి హీరోతో పాటు వచ్చాడు. ఫొటో కడిగాక చూపించాను. పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి చూశాడు. తర్వాత, 'ఇది షోకేసులో పెడితే టేపు గాడి గుమ్మం ఎవడూ తొక్కడు. అసలే పెళ్లిళ్ల రోజులు. నడుం దగ్గర కోసెయ్' అన్నాడు. 'టేపుకి చెప్పకు, హీరోకి నేను చెప్పుకుంటా' అన్నాడు. నాచేత మాట తీసుకున్నాడు."

"నేను వాణ్ణి ఊరంతా తిరిగి తిట్టాను. నీకు తెలుసు."

"తెలుసు. ఒకసారి వాడికి చెప్పాను కూడా, ఇంక చాలు, నిజం చెప్పేస్తానని. 'తిడితే తిట్టనీ, కుట్టడం మానకపోతే చాలు' అన్నాడు."

ఫిల్ము కవరులో పెట్టి ఇచ్చేశాను. ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 19, బుధవారం

ఇవాళ కుట్టలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ప్యాంటులో తప్పు లేదు.

కొలత బూట్లకి తీశాను. బూట్లు లేకుండా వేసుకుంటే ప్యాంటేం చేస్తుంది? గొడుగు మడిచి పట్టుకుని తడిశానంటే గొడుగు చేసినవాడిదా తప్పు? హీరో ఒక్కరోజు ఆగొచ్చు. ఆగలేదు. ఎప్పుడూ అంతే వాడు, అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే రకం. రూలు పెట్టింది అందరి కోసం. వాడొక్కడి కోసం బూట్లు గడప దాటనిస్తే ఆ సాయంత్రం వచ్చిన మిగతావాళ్ల కొలతలు ఏమయ్యేవి?

ప్యాంటులో తప్పు లేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఆలోచించిన కొద్దీ కోపం పెరుగుతోంది. ముందున్న కోపం కాదు. అది చిన్నది. ఇది పెద్దది.

నాకు దయ చూపించమని వాణ్ణి ఎవడడిగాడు? నేను అడిగానా? నా ప్యాంటు నేల ఊడుస్తోందని తెలిసినవాడు నాకు చెప్పాలి. స్టూడియో ఆయనకి చెప్పడమేంటి? పైగా నన్ను తిట్టనిచ్చాడు. సంతలో తిట్టాను, బస్సులో తిట్టాను, వాడి కుర్చీలో కూర్చుని లేచొచ్చిన వాళ్లని ఆపి మరీ తిట్టాను. ఒక్కనాడు బయటికొచ్చి "నోర్ముయ్, అసలు సంగతి ఇదీ" అనలేదు. అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఎంత పొగరుండాలి మనిషికి! నలభై ఏళ్లు ఒక మనిషి చేత తప్పు మాట మాట్లాడించి తను మాత్రం మంచివాడిగా మిగిలిపోయాడు.

వాళ్లావిడ పోయినప్పుడు వెళ్లాను. వాళ్ల మెట్ల దాకా వెళ్లాను. వాడు తలెత్తి చూశాడు. పిలవలేదు. నేనూ ఎక్కలేదు. పిలిచి ఉంటే ఎక్కేవాణ్ణేమో తెలీదు. ఇప్పుడెందుకది.

సాయంత్రం స్టూడియోకి వెళ్లి చెప్పాను. "గోడ మీద పూర్తి ఫొటో పెట్టు."

"కాళ్లతో సహా? నీ పేరే పోతుంది రా."

"దాచుకోవాల్సిన పని నేనెప్పుడూ కుట్టలేదు. పెట్టు. వాడి దాపరికం నాకక్కర్లేదు."

ఫిబ్రవరి 23, ఆదివారం

పాత ఫ్యాషన్ల సాయంత్రం అయిపోయింది. ఇంటికొచ్చి నేరుగా రాస్తున్నాను. లేకపోతే మనవరాలు దానిష్టం వచ్చినట్టు చెబుతుంది, అదే మిగిలిపోతుంది.

వీధి హాలు నిండిపోయింది. నా ప్యాంట్లన్నీ వచ్చాయి. పొడుగాటివాడు నడుస్తుంటే అంచులు నేల మీద ఎగిరినట్టే ఉన్నాయి, ఒక్కటీ తొక్కుకోలేదు. అందరికీ బూట్లు ముందే కొనిపించాను. వాళ్ల వెనక జుట్టు కాలరు మీద కూర్చుంది. ఒక వేలు బట్ట కనబడుతోంది. అందరిదీ. ఎక్కడా తేడా లేదు. బాగా చేశాడు. ఉన్న మాట.

హీరో ఫొటో ముందు గోడకి కట్టారు. మనిషెత్తు. జుట్టు నుంచి కాలివేళ్ల దాకా. కొంతమంది కాళ్ల వైపు చూపించి నవ్వుకుంటున్నారు. నవ్వనీ అనుకున్నాను.

అప్పుడు దువ్వెన వచ్చాడు. కూతురు చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఛాతీ మీద వెడల్పు మడతలున్న గోధుమరంగు కోటు వేసుకున్నాడు. జుట్టు తెల్లగా, ముందు ఒక మడత తిప్పి దువ్వుకున్నాడు. ముందు వరసలో కుర్చీ వేశారు. కూర్చోబోతూ గోడ వైపు చూశాడు.

పైన జుట్టు చూడలేదు. కింద చూశాడు. తర్వాత కూతురు చెయ్యి వదిలించుకుని వెళ్లి, ఫొటోకి వీపు ఆనించి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. వాడి ఒళ్లూ కోటూ కలిసి నడుం నుంచి కింది భాగమంతా కప్పేశాయి.

కూర్చోమన్నారు. కూర్చోలేదు. "ఇక్కడే బాగుంది" అన్నాడు. ఒకళ్లు పాడారు, ఇంకొకళ్లు ఆడారు. వాడు కదల్లేదు. దగ్గొస్తే కోటు అంచు పట్టుకుని ఇంకా వెడల్పుగా నిలబడ్డాడు.

నా పేరు పిలిచారు. మైకు పట్టుకున్నాను. చెప్పుకుని చూసుకున్నదేదీ నోటికి రాలేదు. నా ఎదురుగా వాడు నిలబడి ఉన్నాడు.

"దువ్వెనా, పక్కకి జరుగు" అన్నాను.

హాల్లో తలలన్నీ వాడి వైపు తిరిగాయి.

"జరగను" అన్నాడు.

"అది నా ప్యాంటు."

"నీదే. కాదన్నానా?"

"జనం చూడాలి."

"జనం నా జుట్టు చూసుకుంటున్నారు. వాళ్లకది చాలు."

అందరూ నవ్వారు. మేం నాటకం వేస్తున్నామనుకున్నారు. వెనకనుంచి ఎవరో ఈల కూడా వేశారు.

"నాకంతా తెలిసింది" అన్నాను. "స్టూడియో ఆయన చెప్పేశాడు. ఇంకెవరి దగ్గర దాస్తావు? జరుగు. లేకపోతే నేనే వచ్చి జరుపుతా."

వాడి మొహం మారింది. కోపం కాదు అది. ఏదో బరువు చేతిలోంచి జారిపోయిన వాడి మొహం.

"రా" అన్నాడు. "నలభై ఏళ్లుగా రాలేదు. ఇప్పుడైనా రా."

మైకు అక్కడే పడేసి దిగాను. కుర్చీలు, కాళ్లు, సంచులు అడ్డం. నేను చేరేలోపు వాణ్ణి దగ్గు పట్టుకుంది. వంగిపోయాడు. కూతురు పరుగెత్తుకొచ్చి మంచినీళ్లు తాగించి, ఇంక చాలు నాన్నా అంటూ నడిపించుకుపోయింది. పోయే ముందు వాడేం చేశాడో తెలుసా? కోటు విప్పి ఫొటో చట్రానికి నడుం ఎత్తున రెండు భుజాలూ తగిలించాడు. హీరో కాళ్ల మీదికి తెరలా దించి మరీ పోయాడు.

నేను వెళ్లేసరికి కోటు ఒక్కటే ఉంది.

ఫిబ్రవరి 24, సోమవారం

కోటు మా ఇంట్లో ఉంది. అక్కడ వదిలేస్తే ఎవడో పట్టుకుపోతాడని తెచ్చాను.

కాజాలు చూడగానే తెలిసింది. నా చేతివే. ఒకే గదిలో ఉన్నప్పుడు కుట్టిచ్చాను. ఇన్నేళ్లూ దాచాడని కాదు, వాడుకున్నాడు. మోచేతుల దగ్గర బట్ట పలచబడింది. లోపలి అస్తరు చంక దగ్గర విడిపోయి ఉంది. చూస్తూ ఊరుకోలేక కుట్టాను. ఎవరి బట్టయినా చిరిగి ఉంటే కుడతాను, అది నా వృత్తి.

భుజాలు వాడికిప్పుడు వదులైపోయాయి. నిన్న చూశాను. కొంచెం లోపలికి తీయాలంటే మనిషి ఎదురుగా ఉండాలి.

ఇవాళ ఎదురు షట్టరు సగమే లేచింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

మనవరాలు పొద్దున్నే మొదలెట్టింది. "తాతయ్యా, వెళ్లి ఒక్క మాట సారీ అని చెప్పెయ్. శుక్రవారం వెళ్లిపోతున్నాడు."

"నేనెందుకు చెప్పాలి? దాచింది వాడు. అడగాల్సింది నేను."

"ఏం అడుగుతావు?"

"అది వాడికీ నాకూ మధ్య."

"పోనీ రాసివ్వు, తీసుకెళ్లి ఇస్తా."

"నా కొలతల చిట్టీలే ఇంకొకడికి ఇవ్వను. వెళ్లి ఒకటే చెప్పు. టేపు ఒక ప్రశ్న అడగాలట, గురువారం సాయంత్రం దాకా గడువు అని చెప్పు."

వెళ్లింది. మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. "ఏ ప్రశ్న అని అడిగాడు. నాకు తెలీదన్నాను. 'వాడికే తెలీదులే' అన్నాడు."

నాకే తెలీదట! తెలుసు. నోటికి వచ్చేలా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. హాల్లోలాగా మళ్లీ మాట తడబడకూడదు.

దువ్వెనా, విను. జుట్టు సంగతి వదిలేశాను. స్టూడియో ఆయన్ని వదిలేశాను. పోయినవాడు కాబట్టి హీరోనీ వదిలేశాను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ సాయంత్రం స్టూడియో నుంచి నువ్వు మన గదికే వచ్చావు. నేను చెక్కకి ఇటు మిషను తొక్కుతున్నాను. నువ్వు అటు కత్తెరలు తుడుస్తున్నావు. అడ్డం మీద ఒక్కసారి తట్టి "ఒరేయ్ టేపు, నీ ప్యాంటు నేల ఊడుస్తోంది రా" అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? తిట్టేవాణ్ణి. సుద్దముక్క విసిరేవాణ్ణి. వెళ్లి ఆ ఫొటో చించి, మర్నాడు బూట్లతో ఇంకోటి తీయించేవాణ్ణి. ఆ మర్నాడు మళ్లీ అదే గదిలో ఇటొకడం అటొకడం కూర్చునేవాళ్లం. ఎందుకనలేదు? విని తట్టుకోలేననుకున్నావా? నన్నంత నాసిరకం బట్ట అనుకున్నావా?

గురువారం సాయంత్రం నువ్వు షట్టరు దించేలోపు నాకు జవాబు కావాలి. నీ నోటితో. కూతుర్ని పంపితే ఒప్పుకోను. నువ్వు రాకపోతే నేనే వీధి దాటి వచ్చి నీ కుర్చీలో కూర్చుంటాను. నా నెత్తి మీద కత్తిరించడానికి ఒక్క వెంట్రుక లేదని నాకూ తెలుసు. అయినా కూర్చుంటాను. జవాబు చెప్పేదాకా లేవను. శుక్రవారం బండి ఎలా ఎక్కుతావో చూస్తాను.